పనసమెట్ట మంచు బండికి మెరుగులు

పనసమెట్ట కొండ మీద మంచు పడదన్న ఒక్క చిన్న విషయాన్ని పక్కన పెడితే, ఆ ఊరికి మంచు బండి మంజూరు చేయడంలో మా శాఖ ఎక్కడా పొరపాటు చేయలేదు. ఫైలు నా చేతుల మీదుగానే నడిచింది. ప్రతి కాగితం మీదా సంతకం ఉంది, ప్రతి సంతకం కిందా తేదీ ఉంది. మంచు పడుతుందా లేదా అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. లేని గడిని నింపలేదని ఇప్పుడు నా మీద విరుచుకుపడితే నేనేం చెయ్యను చెప్పండి!

నేను కొండ ప్రాంత చలన సౌకర్యాల శాఖలో జూనియర్ అసిస్టెంటుని. సమావేశాల్లో ఎవరేం మాట్లాడినా దాన్ని మర్యాదైన భాషలోకి మార్చి మినిట్స్ రాయడం నా ఉద్యోగం. పదకొండేళ్లుగా రాస్తున్నాను. ఈ పదకొండేళ్లలో మా సమావేశాలన్నీ ఫలవంతంగానే ముగిశాయి.

పనసమెట్ట అంటే విజయనగరం జిల్లాలో ఓ కొండ నెత్తిన ముప్పై ఒక్క గడప. జీడి, కంది, వాళ్లు చోడి అనే రాగులు పండిస్తారు. కిందికి దిగాలంటే ఏడు కిలోమీటర్ల రాళ్ల దారి. ఎవరికైనా జబ్బు చేస్తే దుప్పటిని వెదురుకర్రకు కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజానికెత్తుకుని దిగుతారు. దాన్నే డోలీ అంటారు. రెండేళ్ల కిందట వానల్లో యమున అనే అమ్మాయిని పురిటి నొప్పులతో అలాగే దింపుతుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. దాన్నెవరో ఫోనులో తీశారు. మీరంతా చూశారు. ఏడుపు బొమ్మలు పెట్టారు. ఏదో ఒకటి చెయ్యండంటూ ప్రభుత్వాన్ని నిలదీశారు. మా శాఖ వెంటనే కదిలి, ఏదో ఒకటి చేసింది.

ఆ ఏదో ఒకటి పుట్టిన సమావేశంలో నేనున్నాను. మా ప్రత్యేకాధికారి ఉదయభాస్కర్ గారు గోడ మీది పటాన్ని చాలాసేపు చూసి, నెమ్మదిగా అన్నారు: "ఈ ఊరివాళ్లు ఇరవయ్యేళ్లుగా రోడ్డు రోడ్డు అని అర్జీలు పెడుతున్నారు. అసలు రోడ్డు దేనికి? బండి నడవడానికి. రోడ్డు అక్కర్లేని బండి తెస్తే, ఇక రోడ్డెందుకు?" ఇరవయ్యేళ్లుగా ఎవరికీ తట్టని సంగతి! ఒకాయన చప్పట్లు మొదలెట్టాడు, మిగతావాళ్లం అందుకున్నాం.

వెంటనే టెండరు పిలిచాం. కొండ ఎక్కాలి, రోడ్డు అడగకూడదు, మనిషి కూర్చునే సీటు ఉండాలి. మూడే షరతులు. మూడింటికీ సరిపడ్డ బండి ప్రపంచంలో ఒకే ఒక్క విదేశీ కంపెనీ దగ్గర దొరికింది. వాళ్లు పంపిన పుస్తకంలో రంగుల ఫోటో ఉంది. కొండ ఉంది, రోడ్డు లేదు, బండి ఏకంగా గాల్లో ఎగురుతోంది. ముందు రెండు పొడవాటి జారుడు బద్దలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, మధ్యలో సీటు. కమిటీలో ఒక సభ్యుడు, పాపం కొత్తగా వచ్చినవాడు, "కొండంతా తెల్లగా ఉందేమిటండీ?" అని అడిగాడు. "సున్నపురాయి ప్రాంతం అయ్యుంటుంది" అన్నారు ఉదయభాస్కర్ గారు. సభ్యుడు సంతృప్తి చెందినట్టు రాసుకున్నాను.

బండి కొండ కిందికి వచ్చిన రోజు పెద్ద పందిరి వేశాం. అతిథులకు పొందూరు ఖాదీ కండువాలు కప్పి, చేతిలో పట్టే చిన్న బొబ్బిలి వీణలు బహూకరించాం. పూజ దగ్గర మాత్రం కాస్త చిక్కొచ్చింది. నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి తొక్కించాలి కదా, ఈ బండికి చక్రాలే లేవు. పురోహితుడు గారు చుట్టూ రెండుసార్లు తిరిగి వెతికారు. చివరికి జారుడు బద్దల కింద పెట్టి ఎనిమిది మంది తోశారు. నిమ్మకాయలు చితకలేదు, పక్కకు దొర్లిపోయాయి. శాస్త్రంలో దీనికీ ఏదో ఉండే ఉంటుందని సరిపెట్టుకున్నాం.

ఉదయభాస్కర్ గారు మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! ఇక ఈ కొండ మీద డోలీ అన్న మాట వినపడదు. పనసమెట్టను డోలీ రహిత గ్రామంగా ప్రకటిస్తున్నాను!" ప్రకటించాక అమలు చెయ్యాలి కదా. అప్పటికప్పుడు ఊళ్లోని డోలీ కర్రలు పద్నాలుగింటినీ స్వాధీనం చేసుకుని రసీదులిచ్చాం. ఇకపై డోలీ మోస్తూ కనిపించినవారి రేషను కార్డులు పునఃపరిశీలనకు తీసుకోబడునని బోర్డు కూడా పెట్టాం. బోర్డు మీద నవ్వుతున్న గర్భిణి బొమ్మ వేయించింది నేనే.

తర్వాత బండి నడిపారు. ముప్పై గజాలు నడిచింది. ఆ పైన రబ్బరు కాలిన వాసన, బుస్సుమని పొగ. కంపెనీ తరఫున వచ్చిన డిజైను సలహాదారు త్యాగరాజు గారు చెయ్యి పెట్టి చూసి, చెయ్యి కాల్చుకుని, విషయం తేల్చారు: "బండిలో లోపం లేదు. నడుస్తున్నప్పుడు ఎగిరిపడే మంచుతోనే ఇంజను చల్లబడుతుంది. మీ కొండలో మంచు లోపించింది." కొండ లోపాన్ని కూడా సవరించడానికి మా శాఖ వెనకాడలేదు. రేవు దగ్గర చేపలకు వేసే ఐసు దిమ్మలు వ్యాను నిండా తెప్పించి, దంచి, దారి మీద పరిచాం. బండి ఇంకో పన్నెండు గజాలు నడిచింది. ఈలోగా పనసమెట్ట ఆడవాళ్లు తపేలాలతో దిగొచ్చి మంచునంతా ఎత్తుకుపోయారు. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ చల్లటి మజ్జిగ తాగారట, చేపల వాసనతో.

అయినా బండి కొండెక్కింది. ఎలాగంటారా? జప్తు చేసిన కర్రల్ని ప్రత్యేక అనుమతితో తిరిగి ఇచ్చి, బండిని వాటికి కట్టి, పదహారు మందితో మోయించాం. పైకి చేరాక కర్రల్ని మళ్లీ జప్తు చేశాం. బండి తూకం రెండు వందల నలభై కిలోలు. మోసినవాళ్లకు పెద్ద నరసింగరావు అని ఓ జీడిరైతు. ఊళ్లో ఏ డోలీకైనా ముందు భుజం అతనిదే. పైన దింపాక అతను చెమట తుడుచుకుని బండి వంక చూసి అన్నాడు: "ఓరి నాయనో! ఇది మనల్ని మోసీ బండా, మనం మోసీ బండా?" ఇది నేను రాసుకోలేదు. కంపెనీ కాగితాల్లో 'రైడర్ల పేర్లు' అని పదహారు గీతలుంటే, ఈ పదహారు మంది పేర్లూ రాశాను. మరి దాంతోపాటు కొండెక్కినవాళ్లు వాళ్లే కదా.

ఏడు నెలలు గడిచాయి. యమునకు మళ్లీ నెలలు నిండుతున్నాయి. కాళ్లు వాచిపోయాయి, నడిచి దిగలేదు, పది రోజులు ముందుగానే ఆసుపత్రిలో చేర్చమని డాక్టరమ్మ చెప్పింది. అత్తగారు జగ్గమ్మ ఆ ఏడు కిలోమీటర్లూ దిగి మా ఆఫీసుకొచ్చింది. నా బల్ల ముందు నేల మీద చతికిలబడింది.

"గుమస్తా బాబూ, మా కర్రలు మాకిచ్చీయండి. కోడల్ని దించీసుకుంతాం."

"మీ ఊరికి బండి ఉంది కదమ్మా?"

"ఉన్నాది. నేదంతన్నానేటి? దాని మీద మెరపకాయలెండబెడతన్నాం. కోడల్ని కూడా దాని మీదే ఎండబెట్టమంతావా?"

అంబులెన్సు వాళ్లకు ఫోను చేసి చూశాను. పనసమెట్టలో వాహనం అందుబాటులో ఉన్నట్టు వాళ్ల దగ్గర నమోదై ఉందట. నమోదు చేయించింది మేమే. జగ్గమ్మ లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకుని, ఒక్క మాట అంది: "ఒక పిల్లని ఈ సేతుల్తోనే దారిలో పాతీసినాను బాబూ. ఇంకో పిల్లని పాతలేను." ఆమె వెళ్లాక కాసేపటికి తేరుకుని, వాహనం పంట నూర్పిడి అనంతర అవసరాలకు కూడా ఉపయోగపడుతున్నట్టు లబ్ధిదారు తెలిపిరి అని రాశాను.

సరిగ్గా ఆ వారమే కంపెనీ నుంచి ఓ ఫారం వచ్చింది. మంచు కొండల్లో బండి నడిపేవారు బండిలో ఏయే మెరుగులు కోరుకుంటున్నారో తెలుసుకుని కొత్త నమూనా తయారు చేస్తారట. ప్రపంచమంతటా రైడర్లను అడుగుతున్నారట. ఉదయభాస్కర్ గారి ఆనందం చూడాలి! "ప్రపంచ పటంలో పనసమెట్ట!" అంటూ రైడర్ల అభిప్రాయ సేకరణ సదస్సును కొండ మీదే ఏర్పాటు చేయమన్నారు.

ఆయనకు మోకాళ్ల నొప్పి. అందుకని ఓ చేతుల కుర్చీకి జప్తు కర్రలు రెండు కట్టి, నలుగురి చేత మోయించుకుని పైకి వచ్చారు. దాన్ని డోలీ అనకూడదు. డోలీకి దుప్పటి ఉంటుంది, దీనికి కుర్చీ ఉంది. ఫైలులో పరిశీలనాసనం అని ఉంది.

సదస్సు బండి పక్కనే జరిగింది. మిరపకాయల్ని ఓ పక్కకు నెట్టి, బండి మీద పూలదండ వేశాం. త్యాగరాజు గారు ఫారం తీశారు. రైడర్ల తరఫున నరసింగరావు లేచాడు.

"బండి బరువు విషయంలో మీ అభిప్రాయం?"

"తగ్గించాల బాబూ! నా బుజం సూడు, ఆ దద్దు ఇప్పటికీ పోనేదు."

త్యాగరాజు గారు కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు. "అద్భుతం! ప్రపంచంలో ప్రతి రైడరూ మొదట అడిగేది ఇదే! ఏటవాలులో మలుపులు ఎలా ఉన్నాయి?"

"మలుపు కాడ మూతి తిరగదు. ముందోడు లోయలో యేలాడతన్నాడు, ఎనకోడు గట్టు మీద ఉండిపోతన్నాడు. ముక్కు పొట్టి సెయ్యండి."

"బరువు పంపకం?"

"ఇంజిను కాడోడి నడుం ఇరిగిపోతన్నాది. సీటు కాడోడు సుట్ట కాల్సుకుంతా వొస్తన్నాడు. ఇదేం నాయం బాబూ?"

బరువును మధ్యకు తేవాలి అని త్యాగరాజు గారు భక్తిగా రాసుకున్నారు. చలికి వేళ్లు కొంకర్లు పోకుండా హ్యాండిల్ దానంతటదే వెచ్చబడే సౌకర్యం ఉంది, ఆ వెచ్చదనం సరిపోతోందా అని అడిగారు. ఎండకే పెనంలా కాలిపోతోందని, ఆ పైన వెచ్చదనం వాళ్లకేమీ వద్దని నరసింగరావు మర్యాదగానే చెప్పాడు. లోతైన మంచులో బండి ఎలా తేలుతోందన్నది ఆఖరి ప్రశ్న. "అదొచ్చిన్నాడు సూద్దాం బాబూ" అన్నాడు. నేను 'పరిశీలనలో ఉంది' అని రాశాను.

ఉదయభాస్కర్ గారు ముగింపు ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటుండగా యమున మొగుడు గోపి పరుగెత్తుకొచ్చాడు. "మావా, నొప్పులొచ్చీసినాయి!" అన్నాడు నరసింగరావుతో. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనకే యమునను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని నడిపించుకొస్తున్నారు. పెదవి పంటితో కొరుక్కుంటోంది. ఒక్క కేక కూడా వెయ్యలేదు. ఆ మూసిన నోరు చూస్తే నాకు భయమేసింది.

ఉదయభాస్కర్ గారు అలవాటుగా చెయ్యి ఊపి, "బండి తియ్యండి!" అన్నారు. అందరం బండి వంక చూశాం. దండలోంచి ఓ బంతిపువ్వు రాలింది. ఎవరూ కదల్లేదు. ఆ కాసేపట్లోనే ఆయనకు కూడా సంగతి అర్థమైందని నా నమ్మకం.

జగ్గమ్మ ముందుకొచ్చింది. "బాబూ, ఆ కర్రలిచ్చీ."

"అది పరిశీలనాసనం అమ్మా. ప్రభుత్వ ఆస్తి. పైగా నేనెలా దిగాలి?"

"నువ్వా? నడిసి దిగు! కాళ్లున్నాయి కాదేటి? దాని కడుపులో బిడ్డున్నాది, నీ కడుపులో ఏటున్నాది? లెగు!"

ఆయన లేచారు. ఆ గొంతుకు నేనైనా లేచేవాణ్ణి. లేవడమే తరువాయి, గోపి కర్రలు ఊడదీశాడు. నరసింగరావు బండిలోని పనిముట్ల సంచి విప్పి పానా తీశాడు. ఏడు నెలల్లో ఆ బండిలోంచి పనికొచ్చిన మొదటి వస్తువు అదే. నాలుగు మరలు విప్పి సీటు పీకేశాడు. మెత్తటి సీటు, పొడుగ్గా ఉంది. దాన్ని రెండు కర్రల మధ్య తాళ్లతో బిగించాడు. ముందున్న నల్లటి గాలి అద్దాన్ని ఊడబెరికి, ఎండ తగలకుండా తల వైపు కట్టాడు. పది నిమిషాలు పట్టింది. యమునను పడుకోబెట్టారు.

"బేగి పట్టండ్రా!" అన్నాడు. సీటూ కర్రలూ భుజాలకెక్కాయి, వెళ్లిపోయాయి.

నేనూ వెంట పరుగెత్తాను. ఎందుకు పరుగెత్తానో అడగొద్దు. అది నా విధుల్లో లేదు. మూడో మలుపు దగ్గర ఒకడి కాలు మడతపడింది. నరసింగరావు వెనక్కి తిరక్కుండానే, "గుమస్తా బాబూ, ఓ బుజం పట్టు" అన్నాడు. నా చంకలో సదస్సు ఫైలుంది. "ఫైలుంది నరసింగరావూ" అన్నాను. కాలు మడతపడినవాడే మళ్లీ వచ్చి భుజం పెట్టాడు. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది. కుంటుకుంటూ నడుస్తున్న అతని మడమలు చూస్తూ మిగతా దారంతా దిగాను.

కింద అంబులెన్సు ఉంది. ఉదయభాస్కర్ గారి కోసం ఆఫీసు వాళ్లు ముందుజాగ్రత్తగా పెట్టించారు. అందులోనే యమునను ఎక్కించాం. ఆసుపత్రికి చేరిన గంటకు కాన్పయింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. గోపి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని గుక్కపట్టి ఏడ్చాడు. నేను కూడా గోడ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మర్నాటికి త్యాగరాజు గారి నివేదిక తయారు. రైడర్ల సూచనల మేరకు బండికి క్షేత్రస్థాయిలోనే సమూలమైన మెరుగులు దిద్దడమైనది. బరువు రెండు వందల నలభై కిలోల నుంచి పదిహేనుకు తగ్గినది. ముక్కు పూర్తిగా పోయినందున మలుపుల సమస్య తీరినది. బరువు మధ్యకు వచ్చినది. ఇంధనం అక్కర్లేదు. మంచు అక్కర్లేదు. ప్రయోగాత్మకంగా ఒక గర్భిణిని తరలించగా ఫలితం నూటికి నూరు శాతం. దీనికి 'పనసమెట్ట నమూనా' అని పేరు పెట్టారు. కర్రలు ఇప్పుడు బండిలో విడిభాగాలు కాబట్టి, ఊరి డోలీ రహిత హోదాకు భంగం కలగలేదు. ఉదయభాస్కర్ గారికి సన్మానం జరిగింది. అరగంట మాట్లాడారు. ఆయన మాటల్లో, అవసరం వచ్చినప్పుడు అధికారి తన ఆసనాన్నే త్యాగం చేయాలట.

నాలుగు నెలలకు ఇంకో కాగితం కూడా కదిలింది. ఇరవయ్యేళ్లుగా మూలుగుతున్న రోడ్డు ఫైలుకు ఎట్టకేలకు మోక్షం లభించింది. మెరుగుపరచిన వాహనం ఇప్పుడున్న దారిలోనే సంతృప్తికరంగా నడుస్తూ, తల్లీబిడ్డలను క్షేమంగా చేర్చినందున, రోడ్డు ఆవశ్యకత లేదని నిర్ణయించి ఫైలును మూసివేయడమైనది. ఆ వాక్యం నాదే. ఒక్క చోట కూడా దిద్దకుండా సంతకం పెట్టారు.

ఉత్తర్వు ఊరివాళ్లకు చదివి వినిపించాలన్నది నియమం. ఏడు కిలోమీటర్లూ ఎక్కి వెళ్లాను. జగ్గమ్మ చోడి అంబలి ఇచ్చింది. తాగాను. మనవరాలు ఆమె ఒళ్లో పడుకుని నా కళ్లజోడు వైపు చెయ్యి చాపుతోంది. నరసింగరావు, గోపి, ఊరంతా చుట్టూ కూర్చున్నారు. గట్టిగా చదివాను.

"అంటే బాబూ," అంది జగ్గమ్మ, "ఈ గుంటపిల్ల బతికీసింది గనక రోడ్డు రాదంతావు?"

"అలా అని రాయలేదమ్మా."

"అలాగే ఉన్నాది. మరి పెద్దగుంట సచ్చిపోయినప్పుడు వొచ్చిందేటి?"

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె గొంతులో కోపం కూడా లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. యమున గుమ్మంలోంచి నా వైపు ఓసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఉత్తర్వు విని గ్రామస్థులు హర్షం వ్యక్తం చేసిరి అని, కిందికి దిగాక, రాశాను.

మీరిప్పుడు నన్ను తిట్టుకుంటున్నారు. తిట్టుకోండి, పడతాను. కానీ ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని చదవగానే మీకూ హమ్మయ్య అనిపించిందా లేదా? ఇక ఫరవాలేదనుకుని, మిగతాదంతా కాస్త నవ్వుకుంటూనే చదివారు కదా? మా శాఖ కూడా సరిగ్గా అక్కడే హమ్మయ్య అనుకుని ఫైలు మూసింది.